మూల్యా, నన్ను టెన్షన్ పెట్టకు!

మాస్కోలో మాకు మిగిలింది ఒక్క పూట. "ఊరుకాని ఊరొచ్చి శ్మశానానికి పోదామంటారేంటండీ?" అంది మా ఆవిడ. సోవియట్ నటి ఫైనా రనేవ్‌స్కయా సమాధి చూడాలని నా పట్టు.

రనేవ్‌స్కయా 1896లో తగన్‌రోగ్‌లో పుట్టింది, రచయిత చెహోవ్ ఊరే. ఇంటిపేరు ఫెల్డ్‌మాన్. చెహోవ్ నాటకంలోని ఒక పాత్ర పేరు పెట్టుకుని రంగస్థలమెక్కింది. 1917లో ఇంటిల్లిపాదీ దేశం దాటిపోతే, నాటకాల కోసం తనొక్కతే ఉండిపోయింది. వెండితెర మీదికి వచ్చేసరికి 38 ఏళ్లు. అక్కడ దక్కినవీ ఎక్కువగా చిన్న వేషాలే. 1939 నాటి 'పోద్‌కీదిష్' సినిమాలో మొగుణ్ణి గదమాయిస్తూ "మూల్యా, నన్ను టెన్షన్ పెట్టకు!" అంటుంది. అంతే, ఆ మాట ఇక ఆవిణ్ణి జన్మంతా వదల్లేదు. వీధిలో పిల్లలు వెంటపడి మరీ అరిచేవాళ్లట. ఆవిడకేమో ఒళ్లు మండేది.

నాకు మాత్రం రనేవ్‌స్కయా అంటే 'దాల్షె తిషినా', అంటే 'ఇక ఆపై నిశ్శబ్దం'. 1969లో మాస్కోలోని మోసోవియెత్ థియేటర్‌లో దర్శకుడు ఎఫ్రోస్ చేయించిన నాటకం. పిల్లలు విడదీసిన ముసలి దంపతుల కథ, భార్యగా ఆవిడ, భర్తగా నటుడు ప్ల్యాత్. టీవీ రికార్డింగ్ చూశాను. రష్యన్ ముక్క రాదు. అయినా సగంలో ఆపేసి ఊళ్లో ఉన్న అమ్మకి ఫోన్ చేశాను.

షాబొలోవ్‌స్కయా మెట్రో దగ్గర మూడు ఎర్ర కార్నేషన్లు తీసుకున్నాం. పువ్వులావిడ "క్లాద్‌బిషే?" అంది. శ్మశానానికేనా అని. తలూపగానే నాలుగోది కలిపింది. అక్కడ బేసి లెక్క బతికున్నవాళ్లకి, సరి లెక్క పోయినవాళ్లకి.

తీరా నేను తీసుకెళ్లింది దోన్‌స్కోయ్ మఠంలోకి. ప్రహరీ లోపలా సమాధులే, అన్నీ పాతకాలంవి. గంటసేపు తిరిగాం. మా ఆవిడ ముఖం చూడ్డానికి ధైర్యం చాల్లేదు. కొవ్వొత్తులమ్మే పెద్దావిడ దగ్గర "రనేవ్‌స్కయా" అన్నాను. ముడతల ముఖం ఒక్కసారి విప్పారింది. వేలు ఆడిస్తూ, గొంతు మార్చి, "మూల్యా, నె నెర్వీరుయ్ మెన్యా!" అంది. తర్వాత గోడ అవతలికి చూపించింది. కొత్త శ్మశానం పక్కనే ఉంది.

రనేవ్‌స్కయా అక్క ఇజబెల్లా కూడా అక్కడే ఉంది. నలభై ఏళ్లకు పైగా పరాయి దేశాల్లో ఉండి 1960లో చెల్లెలి దగ్గరికి వచ్చేసింది, నాలుగేళ్లకే పోయింది. చెల్లెలు 1984లో వచ్చి పక్కన చేరింది.

మా ఆవిడ నా చేతిలో పువ్వులు తీసుకుని విడదీసింది. అక్కకి రెండు, చెల్లెలికి రెండు.