ఉప్పుగాలిలో పాత పద్మిని, తుప్పుతో నా తిప్పలు

మా పెదనాన్న వాడిన ప్రీమియర్ పద్మిని కారు, 1984 మోడల్, ఇప్పుడు నా చేతికొచ్చింది. రెస్టోర్ చేయించాలంటే డబ్బులూ కావాలి, మంచి టింకరింగ్ మేస్త్రీ ఖాళీ అవ్వాలి, రెండూ ఇప్పట్లో అయ్యేవి కావు. మేముండేదేమో కొత్తపట్నం పక్కన, సముద్రపు గాలికి కిటికీ ఊచలే నిలవవు, ఇంక కారు రేకు సంగతి చెప్పేదేముంది. అందుకే అందం సంగతి తర్వాత, ఉన్న తుప్పు ఇంకా తినకుండా ఆపితే చాలనుకున్నా.

ఈ కారుకి లారీకున్నట్టు విడిగా చాసిస్ ఉండదు, బాడీయే చాసిస్. మడ్‌గార్డ్ తుప్పు పడితే చూడ్డానికి బాగోదు అంతే, అదే డోర్ల కింద పొడుగునా ఉండే బోలు రేకు, సిల్ అంటారు, అదీ ఫ్లోరూ పోయాయంటే బండి మధ్యలో కుంగి డోర్లు కూడా సరిగ్గా పడవు. అందుకని పైన పెయింట్ బుడగల జోలికి పోకుండా కింద నుంచి మొదలెట్టా.

రబ్బరు మ్యాట్లు లేపితే కింద ఫెల్ట్ ఎండాకాలంలో కూడా తడిగానే ఉంది, పిండితే చెయ్యంతా ఎర్రగా అయింది. తీసి పారేశా. డోర్ల అడుగున నీళ్ళు పోయే బెజ్జాలు మట్టితో పూడిపోయాయి, సైకిల్ పుల్ల పెట్టి గెలికితే లోపల నిలవున్న నీళ్ళు బొటబొటా కారాయి. రూపాయి ఖర్చు లేని పని, అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగం దీంట్లోనే అని నా లెక్క.

కడగడానికి ఇంకో తంటా. మా బోరు నీళ్ళు ఉప్పు, వాటితో కొడితే మట్టి పోయి కొత్త ఉప్పు అంటుకుంటది, ఉప్పుంటే రేకు మీద తడి తొందరగా ఆరదు, తుప్పు ఇంకా స్పీడు. మంచినీళ్ళ ట్యాంకర్ తెప్పించా. "తాగే నీళ్ళు కారుకా అండీ" అంది మా ఆవిడ. డోర్లన్నీ తెరిచి ఎండలో బాగా ఆరబెట్టా.

హార్డ్‌వేర్ షాపులో ఎవరైనా ముందు రెడ్ ఆక్సైడ్ డబ్బానే చేతిలో పెడతారు. పైన పెయింట్ లేకుండా ఒట్టి ప్రైమర్ వదిలేస్తే అది తడి పీలుస్తది, కింద తుప్పు మామూలే. నేను వైర్ బ్రష్‌తో పొరలు లేచిందంతా రాల్చి, గ్రీజు తుడిచి, రస్ట్ కన్వర్టర్ పూశా. నేను తెచ్చిందాంట్లో టానిక్ యాసిడ్ ఉంటది, గట్టిగా అంటుకున్న ఎర్ర తుప్పుని నల్లగా మార్చేస్తది. కరక్కాయలోనూ అలాంటి టానినే, శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుమూ బెల్లం ఊరబెట్టిన నీళ్ళతో గీస్తే నల్లరంగు వచ్చేదీ ఇట్టానే. ఆరాక ప్రైమర్, దాని మీద మామూలు నల్ల పెయింట్.

సిల్ లోపలికి బ్రష్ పోదు కాబట్టి లోపల మైనం పొర పట్టించే, పొడుగు ట్యూబున్న కావిటీ వ్యాక్స్ స్ప్రే కొట్టా. మా మేస్త్రి "ఏంది అబ్బాయ్ అంత ఖర్చు, వేస్ట్ ఆయిల్ కొట్టెయ్" అన్నాడు. కాలిన ఆయిల్లో యాసిడ్ ఉంటది, తగిలిన రబ్బరు బుష్‌లు ఉబ్బుతాయి, వద్దన్నా. "సరే, వెల్డింగ్ రోజు మాత్రం వ్యాక్స్ కొట్టావని ముందే చెప్పు, మంట అంటుకుంటది" అన్నాడు, ఆ మాట మాత్రం నిజం.

ప్లాస్టిక్ పట్టా కప్పలేదు, రాత్రి చెమ్మ లోపలే ఉండిపోతది. స్టాండ్ల మీద లేపి రేకుల షెడ్డులో పెట్టి సముద్రం వైపు ఒక్కటే మూసి మిగతా మూడు పక్కలా గాలి ఆడేట్టు వదిలేశా. మాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఆలోపే అన్నీ అవగొట్టా.

ఎడమవైపు జాకీ వేసే చోట స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగబడింది. దానికి ఏ కన్వర్టరూ పనిచెయ్యదు, రేకు కోసి ప్యాచ్ వెయ్యాల్సిందే. మేస్త్రికి చూపించడానికి చాక్‌పీస్‌తో చుట్టూ గీత గీసి పెట్టా.