సాయంత్రమైతే సంచి జారడం లేదు: మా పెరటి కార్న్‌హోల్ బల్లల నాలుగో వారం

కార్న్‌హోల్ అంటే గింజల సంచిని దూరం నుంచి విసిరి, వాలుగా నిలిపిన బల్ల మీది రంధ్రంలో వేసే ఆట. నిన్న సాయంత్రం అమెరికాలో సిన్సినాటిలోని మా పెరట్లో 21 పాయింట్లకు ఆడవలసిన ఆటను 14 దగ్గరే ఆపేయవలసి వచ్చింది. విసిరిన సంచి బల్ల మీద ఎక్కడ పడితే అక్కడే ఉండిపోతోంది. చేత్తో తీయబోతే తడి ఆరని రంగు మీద నుంచి కాగితం ఊడినట్లు చిన్న చప్పుడు చేస్తూ పైకి లేస్తోంది. అదే రోజు మధ్యాహ్నం అవే సంచులు పది, పన్నెండు అంగుళాలు జారి రంధ్రంలో పడ్డాయి. రంధ్రం ముందు ఆగిన సంచిని మరో సంచితో నెట్టి లోపలికి పంపడంలోనే ఈ ఆట అందమంతా ఉంది కనుక, జారుడు పోయిన తరువాత ఇక ఆడాలనిపించలేదు.

చట్రం, కాళ్లు, రంధ్రం ఈసారి ఏ ఇబ్బందీ పెట్టలేదు. ఐదడుగుల చదరపు బాల్టిక్ బర్చ్ ప్లైవుడ్ షీటు ఒక్కదానిలోనే రెండు బల్లలూ వచ్చాయి. చవక పైన్ ప్లైవుడ్‌తో చేసిన పాత జతలో పొరల మధ్య బోలు బయటపడి రంధ్రం అంచు పెచ్చులూడింది కాబట్టి, ఇక దాని జోలికి వెళ్లను.

మొదట నా అనుమానం సంచుల మీదికే పోయింది. వాటిని డక్ కాన్వాస్ అనే మందపాటి నూలుగుడ్డతో, అంచు చుట్టూ రెండు వరసల కుట్టుతో అమ్మ కుట్టింది. మొక్కజొన్న గింజలను రెండు రోజులు ఎండలో ఆరబోస్తే గానీ వాటిలో పోయనివ్వలేదు. పోసిన రోజున 440 గ్రాములున్న సంచి, వానపడ్డ రెండు రాత్రులు గరాజులో ఉన్నాక 447 తూగింది. గింజలు చెమ్మ పీల్చిన మాట నిజమే గానీ, నియమం ప్రకారం సంచి 15 నుంచి 16 ఔన్సులు, అంటే సుమారు 425 నుంచి 454 గ్రాములు ఉండవచ్చు. పైగా పక్కింటివారి ప్లాస్టిక్ పూసల సంచులు తెచ్చి విసిరితే అవీ అలాగే అతుక్కున్నాయి. కాబట్టి లోపం అమ్మ కుట్టిన సంచులలో లేదు.

తరువాత బల్ల ముందు అంచును నేల మీద ఆనించి, మధ్యలో సంచి పెట్టి, వెనక అంచును మెల్లగా ఎత్తుతూ సంచి కదిలిన క్షణంలో ఆ అంచు ఎత్తు కొలిచాను. గాలిలో తేమ 45 శాతం ఉన్న మధ్యాహ్నం 20 అంగుళాల దగ్గర జారింది. తేమ 80 దాటిన సాయంత్రం 30 అంగుళాలు ఎత్తితే గానీ కదలలేదు. మూడు సాయంత్రాలు కొలిచినా తేడా అంగుళానికి మించలేదు.

బల్లల రంగు మీద పూసిన పాలీక్రిలిక్ (నీటితో కలిసే పారదర్శకమైన పై పూత) సరిగా ఆరలేదేమోనని వారం రోజులు ఎండలో పెట్టి చూశాను, ఫలితం మారలేదు. చివరకు మిగిలిన ప్లైవుడ్‌లో బల్లలో సగం, అంటే రెండడుగుల పొడవున్న ముక్కలు రెండు తీసుకుని, ఒకదానికి బల్లలకు వేసిన ఆరుబయటి లేటెక్స్ రంగు (నీటితో కలిసే రంగు) రెండు పూతలు వేసి దానిపై పాలీక్రిలిక్, మరొకదానికి నేరుగా చెక్క మీదే పాలీక్రిలిక్ పూశాను. తేమ సాయంత్రం రంగు ముక్క 15 అంగుళాలకు గానీ సంచిని వదలలేదు, రంగు లేని ముక్క మీద 10 అంగుళాలకే జారింది (ముక్కల పొడవు సగమే కనుక ఈ ఎత్తులను రెట్టింపు చేసి బల్ల ఎత్తులతో పోల్చాలి). ఎండకూ చలికీ పగుళ్లివ్వకుండా సాగేలా తయారుచేసే ఆరుబయటి రంగు లోపల మెత్తగానే ఉండి, తేమకు మరింత మెత్తబడి పై పూతను కూడా జిగటగా మారుస్తోందని నా ఊహ. పాలీక్రిలిక్ మీద నాకు ఇప్పటికీ నమ్మకమే. అది పసుపు తిరగదు, త్వరగా గట్టిపడుతుంది.

ఈ శనివారం ఒక బల్లను మాత్రమే 80 నంబరు ఉప్పుకాగితంతో చెక్క కనబడేదాకా గీకి, 120, 220 నంబర్లతో నునుపు చేసి, రంగుకు బదులు చెక్కలోకి ఇంకే వుడ్ స్టెయిన్ పట్టించి, పాలీక్రిలిక్ నాలుగు పూతలు వేస్తాను. పోల్చి చూడడానికి రెండోదాన్ని ఇప్పుడున్నట్లే ఉంచుతాను.

అమ్మ ఆగస్టులో తెనాలికి తిరిగి వెళ్తోంది. మేడ మీద పిల్లలు ఆడుకోవడానికి పెట్టెలో పట్టేలా 12 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల పొడవుతో ఒక చిన్న బల్ల చేసి పంపాలని ఉంది. సంచులు ఖాళీగా పంపితే గింజలు అక్కడే పోసుకుంటారు. కోస్తా ఉక్కపోత ఇక్కడికంటే ఎక్కువ కనుక దానికి రంగు అసలు వేయను. కాళ్లకు మడత బందులు పెట్టాలా, మరలతో ఊడదీసేలా చేయాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు.