1964కి అటూ ఇటూ

మా రేడియో స్టేషన్ కంప్యూటర్‌లో ఒక్కో దశాబ్దానికీ ఒక్కో రంగు. 50ల పాటలకి పసుపు, 60లకి ఆకుపచ్చ, 70లకి నారింజ, 80లకి నీలం. షెడ్యూలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ రోజంతటికీ సరిపడా పాటలు వరసగా పేర్చిపెడితే, తెర మీద చారల చీర ఆరేసినట్టు ఉండేది. నేను చేరిన కొత్తలో, 2016 చలికాలంలో, గంటకి రెండు పసుపు చారలైనా ఉండేవి. ఒక సోమవారం పొద్దున వచ్చి చూస్తే ఒక్కటీ లేదు.

అది ఒహాయో రాష్ట్రం ఈశాన్య మూల, క్లీవ్‌లాండ్‌కీ యంగ్స్‌టౌన్‌కీ మధ్య ఒక చిన్న ఓల్డీస్ స్టేషన్, అంటే పాత ఇంగ్లీషు పాటలు వేసేది. మావారు హెచ్-1బి మీద, నేను ఆయన వెంట హెచ్-4 మీద వచ్చాం. గ్రీన్‌కార్డు దారిలో ఉన్నవాళ్ల భార్యాభర్తలకి పనిచేసుకునే అనుమతి 2015 మే 26 నుంచి ఇవ్వడం మొదలుపెట్టారు. నా చేతికి ఆ కార్డు వచ్చేనాటికి నాలుగేళ్లుగా ఇంట్లోనే ఉన్నాను. ఎం.కామ్. చదివానని చెప్పుకుంటే వినేవాళ్లు లేరు. అందుకే వారానికి ఇరవై గంటల డేటా ఎంట్రీ పని అనగానే ఒప్పేసుకున్నాను. ఇంగ్లీషు పాటల గురించి నాకేమీ తెలీదని ఇంటర్వ్యూలోనే చెప్పాను. "మంచిదే. పాటల పిచ్చి ఉన్నవాళ్లకి ఈ సీటు ఇస్తే తమకి నచ్చినవే పెట్టేస్తారు" అన్నారు ప్రోగ్రామ్ డైరెక్టర్. అరవై దాటిన మనిషి. పేరు పెట్టి పిలవమని ఎన్నిసార్లు చెప్పినా నాకు నోరు రాలేదు. ఆఖరికి ఆయనే 'సర్' అన్న పిలుపుకి అలవాటుపడ్డారు.

నా పని ప్రతి పాటకీ ఒక కార్డు నింపడం. ఎవరు పాడారు, ఏ ఏడాది, ఎన్ని నిమిషాలు, నెమ్మదా హుషారా, చివర పల్చబడుతూ పోతుందా లేక టక్కున ఆగుతుందా, మాటలు మొదలయ్యే ముందు సంగీతం ఎన్ని సెకన్లు. ఈ ఆఖరిది డీజేకి ప్రాణం. ఆ పద్నాలుగు సెకన్లలోనే వాతావరణమూ టైమూ చెప్పి, గాయకుడు నోరు తెరిచేలోపు తప్పుకోవాలి. ఈ కార్డులని బట్టే సాఫ్ట్‌వేర్ పాటలు పేరుస్తుంది. ఒకే గాయకుడు గంటలో రెండుసార్లు రాకూడదు, నెమ్మది పాటలు రెండు పక్కపక్కన పడకూడదు, నిన్న ఈ టైముకి వేసిన పాట ఇవాళ అదే టైముకి వేయకూడదు. ఇవన్నీ అది చూసుకుంటుంది. ఏ దశాబ్దం ఎంత ఉండాలన్నది మాత్రం మనుషులే తేల్చాలి. నాకన్నా పెద్దవాళ్లు ఆ గదిలో గొంతు పెంచడం అప్పుడే చూశాను.

గొడవ లెక్క దగ్గర. ప్రకటనలు ఇచ్చే కంపెనీలు ఎక్కువగా 25 నుంచి 54 ఏళ్ల వాళ్ల కోసమే డబ్బు పెడతాయి. 55 నిండిన రోజున ఆ శ్రోత లెక్కలోంచి జారిపోతాడు, రోజంతా మన స్టేషనే పెట్టుకుని కూర్చున్నా సరే. మనిషికి జీవితాంతం అంటుకుని ఉండే పాటలు ఏవంటే పద్నాలుగు, పదిహేనేళ్లప్పుడు విన్నవని రేడియోవాళ్ల నమ్మకం. అంటే 2016లో 54 ఏళ్ల మనిషి పుట్టింది 1962లో, అతనికి పదిహేను నిండింది 1977లో. ఇక 1957 నాటి పాట ఎవరికి? సేల్స్ వాళ్లు ఈ ప్రశ్న బోర్డు మీద రాసి చూపించారు. ఆ సోమవారం పసుపు చారలు పోవడం వెనక ఉన్నది ఇదే.

పాత రికార్డుల గురించి చదివేకొద్దీ నాకు ఇంకో లెక్క కనపడింది. న్యూయార్క్‌లో డబ్ల్యూసీబీఎస్-ఎఫ్ఎం ఓల్డీస్ స్టేషన్‌గా మారింది 1972లో. 1955లో పదిహేనేళ్ల పిల్లకి అప్పుడు 32 ఏళ్లు. అప్పట్లో 'పాత పాట' అంటే పదేళ్ల నాటిది, మహా అయితే పదిహేడేళ్ల నాటిది! ముప్పయ్యేళ్ల వాళ్లు తమ కుర్రతనాన్ని తలుచుకోవడానికి పెట్టుకున్న స్టేషన్ అది. ఆ మాట అక్కడే ఉండిపోయింది, శ్రోతల వయసు పెరుగుతూ పోయింది. 2005 జూన్ 3న అదే స్టేషన్ ఓల్డీస్ మానేసి వేరే ఫార్మాట్‌కి మారిపోయింది. రేటింగులు పడిపోయాయి. 2007 జులై 12న పాత పాటలతో తిరిగొచ్చింది. కానీ అప్పటికి బరువంతా 60లు, 70లు, 80ల మీదికి జరిగింది, 50లు దాదాపు అంచుకి వెళ్లిపోయాయి. 'ఓల్డీస్' అన్న మాట కూడా మెల్లగా పోయి 'క్లాసిక్ హిట్స్' అయింది. ముసలితనం వినిపించని పేరు కావాలి మరి.

మనలో చాలామంది పాత పాట అంటే ఘంటసాల పాడినంతవరకు అనుకుంటారు. ఆయన 1974లో పోయారు. ఆ గీత యాభై ఏళ్లు దాటినా కదల్లేదు. ఇక్కడ గీత ఏడాదికి ఒక ఏడాది చొప్పున ముందుకు జరగాల్సిందే. లేకపోతే స్టేషన్ మూతపడుతుంది. అర్థం చేసుకున్నాను. ఒప్పుకోవడానికి మాత్రం మనసు రాలేదు, ఎందుకంటే ఫోన్ లైన్ దగ్గర కూర్చునేది నేనే.

పసుపు చారలు పోయిన వారంలోనే ఒక పెద్దాయన ఫోన్ చేశారు. యంగ్స్‌టౌన్ దగ్గర ఉక్కు మిల్లులో పనిచేసిన మనిషి, అప్పటికి 72 ఏళ్లు. తిడతారేమోనని నాకు టెన్షన్. ఆయన తిట్టలేదు. "అమ్మాయీ, నీకు ఎవరూ చెప్పలేదు గనక నేను చెప్తాను, కాయితం తీసుకో" అన్నారు. నిజంగానే తీసుకున్నాను.

మీరు పదేళ్లకోసారి కోస్తున్నారు, కోయాల్సిన చోటు అది కాదు అన్నారాయన. 1960, 61, 62, 63 పాటలు 50ల పాటలకి తోబుట్టువులు. అవే గొంతులు, అవే నాలుగు స్వరాలు, వీధి మూలన నిలబడి చిటికెలు వేస్తూ పాడుకునే పాటలు. ఆయనా ముగ్గురు స్నేహితులూ షిఫ్ట్ దిగాక మిల్లు దగ్గరి వంతెన కింద పాడేవాళ్లట, అక్కడ గొంతు గింగురుమని తిరిగొస్తుందని. తర్వాత 1964 ఫిబ్రవరి 9 ఆదివారం రాత్రి ఇంగ్లండ్ పాటల బృందం బీటిల్స్ వాళ్లు ఎడ్ సల్లివన్ టీవీ షోలో కనిపించారు. 7 కోట్ల 30 లక్షల మంది చూశారు. ఏప్రిల్ 4 నాటి బిల్‌బోర్డ్ చార్టులో, అంటే అమెరికా హిట్ పాటల జాబితాలో, మొదటి ఐదు స్థానాలూ వాళ్లవే. "బాగా పాడారు, కాదనను. కానీ ఆ వేసవికి రేడియో పెడితే నాకు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. ఊరు అదే, రేడియో అదే. మా నలుగురి పాట వినేవాళ్లు లేక మేమూ మానేశాం" అన్నారు. అప్పటికి ఆయనకి ఇరవై ఏళ్లు.

ఆ మాట నాకు వెంటనే అందింది. ఒహాయోలో నా మొదటి చలికాలం అలాగే గడిచింది. ఏ బటన్ నొక్కినా తెలిసిన గొంతు ఒక్కటి లేదు.

ఆ రోజు సాయంత్రం ఆయన చెప్పింది సరిచూడటానికి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాను. 1956 నాటి ఫైవ్ శాటిన్స్ పాట 'ఇన్ ద స్టిల్ ఆఫ్ ద నైట్' మొదలుపెట్టాను. కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూహేవెన్‌లో ఒక చర్చి నేలమాళిగలో రికార్డు చేసిన పాట అది. అంతకుముందు దాని కార్డు నేనే నింపాను. నెమ్మది, మూడు నిమిషాలు, చివర పల్చబడును. అంతే రాశాను. ఈసారి గొంతుల వెనక ఆ గది వినపడింది. తక్కువ ఎత్తు కప్పు కింద నలుగురు దగ్గరదగ్గరగా నిలబడి ఊపిరి పీల్చుకుంటున్నట్టు ఉంది. దాని వెనకే 1962 పాట వేశాను, అతుకు తెలియలేదు. తర్వాత 1965 పాట వేశాను. గిటార్ మొదలవగానే గది మారిపోయింది.

సంగీతం క్యాలెండర్ చూసి మారదు కదా. 80లు కూడా నిజానికి మొదలైంది 1981 ఆగస్టు 1న ఎంటీవీ వచ్చాకే అంటాన్నేను. 1980 పాటలు ఇంకా 70ల బట్టలే వేసుకుని ఉంటాయి. నిడివిలోనూ తేడా ఉంది. 63 లోపు పాటలు ఎక్కువగా రెండున్నర నిమిషాలే ఉండేవి. ప్రకటనలు పోను గంటలో మిగిలే 45 నిమిషాల్లో అలాంటివి 18 పడతాయి. నాలుగు నిమిషాల 80ల పాటలైతే 11కి మించి పట్టవు. శ్రోతకి ఎక్కువ పాటలు విన్నట్టు ఉండాలంటే పాతవే నయం. ఈ లెక్క మీటింగులో చెప్పింది నేనే. అక్కడ నేను నోరు విప్పడం అదే మొదటిసారి.

వాళ్లు దానికి జవాబుగా టెస్టు పెట్టించారు. ఒక హోటల్ హాల్లో శ్రోతలని కూర్చోబెట్టి, పాటలో అందరికీ తెలిసిన ఏడెనిమిది సెకన్ల ముక్క మాత్రమే వినిపిస్తారు. దాన్ని 'హుక్' అంటారు. ఒక్కోదానికీ 1 నుంచి 5 మార్కులు వేయాలి. తెలీకపోతే తెలీదని, విని విని విసుగెత్తితే అది కూడా రాయాలి. ఒక్క సాయంత్రంలో కొన్ని వందల ముక్కలు. ఆ ముక్కలు వరసగా ప్లే చేసే పని నాది. నాకు నచ్చని పద్ధతి ఇది. నాలుగు గొంతులు మెల్లగా అల్లుకునే పాట ఎనిమిది సెకన్లలో ఏం చెప్పుకుంటుంది? పైగా హాల్లో కూర్చున్నవాళ్లంతా ఇంచుమించు ఒకే రకం పేటల వాళ్లు. డెట్రాయిట్ ఇక్కణ్ణుంచి మూడు గంటల దూరంలో ఉంది. అక్కడ బెర్రీ గోర్డీ 1959లో ఒక మామూలు ఇంట్లో మొదలుపెట్టిన మోటౌన్ రికార్డు కంపెనీ పాటలే సగం 60లు. అయినా ఆ హాల్లో అందరికీ తెలిసిన నాలుగైదు తప్ప మిగతా సోల్ పాటలకి, అంటే అలాంటి నల్లజాతి గాయకుల పాటలకి, మార్కులు పడలేదు. ఎవరిని పిలిచామన్న ప్రశ్న ఎవరూ వేయలేదు, నేనే వేశాను. తర్వాతి టెస్టుకి జాబితా కొంచెం మార్చారు. మార్కులూ మారాయి.

టెస్టులో 1977 పాటలు మొదటి వరసలో నిలిచాయి. లెక్క ప్రకారం నిలవాల్సిందే. ఆ సంగతి పెద్దాయనకి ఫోన్‌లో చెబితే కాసేపు మాట్లాడలేదు. 1977 సెప్టెంబర్ 19 సోమవారం నాడు వాళ్ల ప్రాంతంలోని పెద్ద ఉక్కు మిల్లు మూసేస్తున్నామని ప్రకటించారు. ఒక్క దెబ్బకి సుమారు 5,000 ఉద్యోగాలు. యంగ్స్‌టౌన్‌లో ఇప్పటికీ దాన్ని బ్లాక్ మండే అంటారు. ఆ శరత్కాలంలో అన్ని వంటిళ్లలోనూ మోగిన పాటలు వస్తే ఆయన రేడియో కట్టేస్తారట. టెస్టు కాగితంలో దానికి గడి లేదు.

నేను వాదించింది ఒక్కటే. రోజంతా మీ లెక్క ప్రకారమే నడపండి, ఆదివారం పొద్దున ఆరు నుంచి తొమ్మిది వరకు మాత్రం ఎలాగూ ప్రకటనలు అమ్ముడుపోవు. ఆ మూడు గంటలూ 1955 నుంచి 1963 దాకా ఉన్న పాటలకి ఇవ్వండి. 60లు అని కాదు, 63 దాకా. ప్రోగ్రామ్ డైరెక్టర్ నా వంక చూసి, "పాటల పిచ్చి లేదన్నావు" అన్నారు. మూడు నెలలు చూద్దామన్నారు.

ఆ వారం రెండు రోజులు కూర్చుని కార్డులన్నీ తిరగేశాను. 1963 డిసెంబర్ దాకా ఉన్న ప్రతి పాటకీ రంగు మార్చాను. శనివారం రాత్రి షెడ్యూలు తీస్తే తెరంతా పసుపే, పసుపు ముద్దలో ముంచి తీసినట్టు.

ఆదివారం ఆరుంబావుకి ఫోన్ మోగింది. ఆయనే. పలకరింపు లేదు.

"వాళ్లెలా వచ్చారు లోపలికి?" అన్నారు.

లాగ్ చూశాను. మూడో పాట బీటిల్స్ వాళ్ల 'ఐ వాంట్ టు హోల్డ్ యువర్ హ్యాండ్'. కార్డులో తేదీ తప్పేమీ కాదు. ఆ రికార్డు అమెరికాలో విడుదలైంది 1963 డిసెంబర్ 26న. అంటే నేను పెట్టిన గీతకి అయిదు రోజులు ఇవతల. సాఫ్ట్‌వేర్ నా మాట అక్షరాలా విన్నది.

అదే ఆయనకి చెప్పాను. "తేదీ ఏదైతే నాకేంటి, నేనప్పుడు అక్కడే ఉన్నాను" అన్నారు. పెట్టేసే ముందు మిగతా రెండు పాటలూ బాగున్నాయన్నారు.

తేదీ అలాగే ఉంచి, ఆ కార్డుకి ఆకుపచ్చ రంగు వేశాను.