చేతి మీది గాయం, ఫైలు మీది పేరు: నా అనుభవం

చెయ్యి కోసుకునే మా అమ్మాయి చికిత్స కోసం 18 నెలలుగా ఒడిశాలోని రాయగడ నుంచి విశాఖపట్నానికీ, మధ్యలో బరంపురానికీ తిరిగాం. మొదలైనప్పుడు తనకి 15 ఏళ్ళు. తను ఎందుకు చెయ్యి కోసుకునేదో, ఏం జరిగిందో ఇక్కడ రాయను. అది తనది. గాయం కనబడినప్పుడు, ఫైలు మీద "బోర్డర్‌లైన్ పర్సనాలిటీ" అని మానసిక జబ్బు పేరు పెట్టినప్పుడు ఏ పని ముందు చెయ్యాలి, ఏది ఎందుకు బెడిసికొడుతుంది అన్నదే రాస్తాను.

గాయం కనబడ్డ రోజు చూడాల్సింది గాయాన్నే. శుభ్రమైన బట్టతో 10 నిమిషాలు, మధ్యలో ఎత్తి చూడకుండా అదిమి పట్టాలి. రక్తం ఆగాక కుళాయి నీళ్ళు ధారగా పోసి కడగాలి. పసుపు, కాఫీ పొడి అద్దకండి. అవి లోపల ఇరుక్కుంటే మళ్ళీ కడిగి తియ్యాలి, పిల్లకి రెండోసారి నొప్పి. గాయం అంచులు విడిపోయినా, రక్తం ఆగకపోయినా, వేళ్ళు తిమ్మిరెక్కినా ఆస్పత్రికే వెళ్ళాలి. టీకా కార్డు వెంట ఉంచుకోండి. 10 ఏళ్ళకి, 16 ఏళ్ళకి వేసే టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా) పడిందో లేదో అక్కడ తేలుతుంది. మాత్రలో పురుగుమందో మింగిందన్న అనుమానం ఏమాత్రం ఉన్నా, పిల్ల బాగానే కనిపిస్తున్నా, ఒక్క నిమిషం ఆగొద్దు.

పోలీసు కేసవుతుందని భయపడి "అద్దం పగిలి గీసుకుంది" అని చెప్పించకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్ళు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ఇక కోసుకున్న ప్రతి పిల్లా చావాలని కోసుకోదు. అబద్ధం చెబితే డాక్టరు కట్టు కట్టి పంపేస్తారు, అడగాల్సిన ప్రశ్న అడగరు.

ఆ ప్రశ్న ఇంట్లో మనమూ అడగాలి: "చచ్చిపోవాలని చేశావా అమ్మా, తట్టుకోలేక చేశావా?" అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందన్నది నిజం కాదు. మన ఇళ్ళల్లో "నీతో చస్తున్నాను" అని పూటకోసారి అంటూనే ఉంటాం. అందుకే పిల్ల నిజంగా "చచ్చిపోవాలనుంది" అన్నా మన చెవికెక్కదు. ఏ రోజు జవాబు "చచ్చిపోవాలని" అని వచ్చినా ఆ రోజే ఆస్పత్రి. అర్ధరాత్రి ఏం చెయ్యాలో తోచకపోతే 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలీమానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. ఇంట్లో పురుగుమందు డబ్బాలు, అమ్మమ్మ మాత్రలు తాళం పెట్టిన పెట్టెలోకి వెళ్ళాలి. తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండాలి.

ఇక పేరు సంగతి. మొదట చూపించిన చోట పావుగంటలో చీటీ మీద "బోర్డర్‌లైన్ పర్సనాలిటీ" అని రాసేశారు. సరిహద్దు ఊళ్ళో బతుకుతున్నవాళ్ళం, బోర్డర్‌లైన్ అంటే జబ్బు ఇంకా గీత దాటలేదని, కొంచెమే ఉందని అనుకున్నాం. అది కాదు. న్యూరోసిస్‌కీ సైకోసిస్‌కీ (మొదటిది ఆందోళన లాంటి బాధ, రెండోది వాస్తవంతో తెగిపోవడం) నడుమన ఉన్నవాళ్ళని చెప్పడానికి 1938లో అడాల్ఫ్ స్టెర్న్ అనే వైద్యుడు వాడిన మాట అది. ఆ అర్థం పోయింది, పేరు మిగిలింది.

డాక్టర్లు వాడే డీఎస్ఎం-5 అనే మానసిక జబ్బుల పుస్తకంలో దీనికి 9 లక్షణాలున్నాయి: వదిలేస్తారన్న భయం, నేడు నెత్తిన పెట్టుకుని రేపు పడదోసే స్నేహాలు, తానెవరో తనకే తెలియకపోవడం, దుడుకు పనులు, గాయపరచుకోవడం, గంటల్లో మారే మనసు, లోపలి శూన్యం, పట్టలేని కోపం, ఒత్తిడిలో కాసేపు అనుమానాలో ఈ లోకంలో లేనట్టు ఉండటమో. ఇందులో కనీసం 5 ఉండాలి. 18 ఏళ్ళలోపు పిల్లలకైతే కనీసం ఏడాదిపాటు ఉండాలి. గాయం ఆ తొమ్మిదింటిలో ఒకటి మాత్రమే. కోసుకునే పిల్లల్లో చాలామందికి ఈ జబ్బు లేదు. కానీ ఈ జబ్బున్న పిల్లల్లో కోసుకోవడం చాలా ఎక్కువ. రెండు వాక్యాలూ ఒకేసారి నిజం. అక్కడే అందరం తడబడతాం. గాయం చూసి పేరు పెట్టేవాళ్ళు ఒకవైపు, "ఈ వయసులో ఇదంతా మామూలే" అని ఏడాదంతా ఏమీ చెయ్యనివ్వనివాళ్ళు ఇంకోవైపు. పేరుకి ఏడాది పడుతుంది సరే, చికిత్స మాత్రం ఈ వారమే మొదలవ్వాలి.

డాక్టరు దగ్గరకి వెళ్ళేముందు మూడు నెలల లెక్క రాసుకెళ్ళండి: తేదీ, దానికి ముందు ఏం జరిగింది, ఎన్ని గంటలు నిద్ర, నెలసరి తేదీలు, ఆ మూడ్ ఎంతసేపు నిలిచింది. చివరిది అన్నిటికంటే ముఖ్యం. బోర్డర్‌లైన్‌లో మనసు సాధారణంగా గంటల్లో మారుతుంది, కొన్ని రోజులకి మించి నిలవడం చాలా అరుదు. బైపోలార్‌లో (ఉద్రేకం, దిగులు మారిమారి వచ్చే జబ్బు) చిన్న ఉద్రేకమైనా వరసగా కనీసం 4 రోజులుంటుంది. ఈ లెక్క లేకపోతే ఒకదానికి ఇంకోదాని మందు పడిపోయే ప్రమాదం ఉంది. డిప్రెషన్, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకు), ఎవరైనా చెయ్యి వేసి బాధపెట్టడం కూడా చూడాలి. అందుకే డాక్టరు పిల్లతో ఒంటరిగా మాట్లాడాలి. తల్లి బయట కూర్చోవాలి. కష్టంగానే ఉంటుంది, కూర్చోండి.

మా వైపు పిల్లలకి ఇంకో చిక్కుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఫోన్‌లో ఇంగ్లిష్. "ఖాళీగా అనిపిస్తుందా?" అని ఒకరు తెలుగులోనే అడిగారు. "ఆదివారాలు ఖాళీయే" అంది మా అమ్మాయి. ఆ లక్షణం లేదని రాసుకున్నారు. మూడు నెలల తర్వాత ఇంకొకరు "లోపల ఏమీ లేనట్టు, డొల్లగా ఉంటుందా?" అని అడిగితే కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. ప్రశ్నలు అడిగేవాళ్ళకి ముందే చెప్పండి, పిల్ల ఏ భాషలో ఏడుస్తుందో ఆ భాషలో అడగమని.

ఎక్కడ చూపించాలంటే, కోరాపుట్, బరంపురం మెడికల్ కాలేజీల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. తెలుగులో మాట్లాడే డాక్టరు కావాలంటే విశాఖపట్నం చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. రాయగడ నుంచి రైలు ఉంది కానీ, పొద్దున్నే ఓపీకి అందాలంటే ముందురోజే బయల్దేరాలి. ఒడిశా రేషన్ కార్డుకి ఆంధ్రా ఎన్టీఆర్ వైద్య సేవ (మునుపటి ఆరోగ్యశ్రీ) వర్తించదు. కౌన్సెలింగ్ చేసేవాళ్ళు క్లినికల్ సైకాలజిస్టులమంటే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. అడగడం మర్యాద తక్కువ పనేమీ కాదు.

బోర్డర్‌లైన్ కోసమే ఆమోదించిన మందు ఏదీ లేదు. మందులు పక్కనున్న డిప్రెషన్‌కో ఆందోళనకో. డిప్రెషన్ మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో పిల్లని మరింత దగ్గరగా కనిపెట్టాలి, ఆత్మహత్య ఆలోచనలు పెరగొచ్చు. అసలు పని చేసేది మాటల చికిత్స. అమెరికా సైకాలజిస్టు మార్షా లినెహన్ రూపొందించిన డయలెక్టికల్ బిహేవియర్ థెరపీని (డీబీటీ, ఉద్రేకాన్ని గాయం చేసుకోకుండా తట్టుకోవడం నేర్పేది) టీనేజర్లకి అనువుగా మార్చారు. 2014లో వెలువడిన నార్వే పరిశోధనలో 77 మంది పిల్లలకి 19 వారాలు చికిత్స చేశారు. మామూలు చికిత్స తీసుకున్నవాళ్ళకంటే డీబీటీ తీసుకున్నవాళ్ళలో గాయపరచుకోవడం ఎక్కువ తగ్గింది. ఆ అయిదు లక్షణాల లెక్క నిండని పిల్లల్ని కూడా అందులో చేర్చుకున్నారు. పేరు కోసం ఆగొద్దని నేను మొండిగా చెప్పేది అందుకే.

పూర్తి పద్ధతిలో వారానికి ఒకసారి పిల్లతో, ఒకసారి తల్లిదండ్రులతో కలిపి గుంపుగా కూర్చోబెడతారు. మాకు గుంపు దొరకలేదు. వారం వారం వీడియోలో పిల్లకి, పదిహేను రోజులకోసారి మాకు. రోజూ ఒక కార్డు నింపాలి: కోసుకోవాలన్న తపన 0 నుంచి 5 దాకా ఎంత, చేసిందా లేదా, ఏ నేర్పు (తపనని తట్టుకోవడానికి నేర్పిన ఉపాయం) వాడింది. ఆ కార్డు మేం చదవకూడదు. మావారు ఒకసారి చదివేశారు. ఆ తర్వాత రెండు వారాలు అన్నీ సున్నాలే వచ్చాయి, అబద్ధపు సున్నాలు. తపన 4 దాటితే ముఖం చల్లటి నీళ్ళలో ఊపిరి బిగబట్టి 30 సెకన్లు ఉంచడం నేర్పారు. అలా చేస్తే గుండె వేగం తగ్గి ఉద్రేకం దిగుతుంది. గుండె జబ్బున్నవాళ్ళు డాక్టరుని అడక్కుండా చెయ్యకూడదు. కోసుకోకముందు ఫోన్ చేస్తే థెరపిస్టు మాట్లాడతారు, కోసుకున్నాక 24 గంటలు నేర్పుల కోసం ఫోన్ ఉండదు. మొదట ఇది కఠినం అనిపించింది. గాయమైతేనే మనిషి దగ్గరకొస్తారన్న అలవాటు పడకుండా ఆ నియమం. ప్రాణం మీదకొస్తే మాత్రం ఆస్పత్రికి వెళ్ళాల్సిందే.

ఇంట్లో తప్పు చేసింది మేమే. ఇక కోసుకోనని ఒట్టు వేయించుకున్నాం. ఒట్టు తప్పాక దాచడం మొదలైంది, అంతే జరిగింది. "ఇంత చిన్నదానికేనా?" అనేవాళ్ళం. ఇప్పుడు "వాళ్ళు నిన్ను వదిలేసి వెళ్ళేసరికి ఒళ్ళు మండిపోయింది కదమ్మా" అంటాం, ఆగుతాం. బాధ నిజమని ఒప్పుకోవడం వేరు, కోసుకోవడాన్ని ఒప్పుకోవడం వేరు. ఎవరో చిల్లంగి పెట్టారని అమ్మమ్మ అంది. మజ్జిగౌరమ్మ గుడికి తీసుకెళ్ళి తాడు కట్టించింది. కట్టించుకోనివ్వండి, మందు మానిపించకుండా ఉంటే చాలు. బడిలో ఒక్క టీచరుకే చెప్పాం, పొడుగు చేతుల యూనిఫాంకి అనుమతి అడిగాం.

ఏడాది నిండాక మళ్ళీ మొత్తం పరీక్ష చేశారు. తొమ్మిదింటిలో నాలుగే నిలిచాయి. ఫైలు మీద ఆ పేరు రాయలేదు, చికిత్సా మార్చలేదు. మొన్న తనే కార్డులు తెచ్చి చూపించింది. గాయం గడిలో ఏడు నెలలుగా సున్నాలు. తపన గడిలో ఇంకా రెండులు, మూడులు పడుతున్నాయి.