బచ్చాలున్నాయి, చారేది?

"మా ఊళ్లో ఏదో తిండి పండగ పెట్టారంట, రారా" అని కర్నూలు నుంచి మేనత్త ఫోన్ చేస్తే, శనివారం మధ్యాహ్నం అనంతపురంలో బస్సెక్కాను. హైవే మీద దాదాపు 150 కిలోమీటర్లు. గుత్తి కోట కనపడేదాకా మెలకువగా ఉన్నాను, డోన్ ఎప్పుడు దాటిందో తెలీదు. నేను ఇల్లు చేరేసరికి అత్త చీర మార్చుకుని, చేతిసంచిలో ఒక ఖాళీ స్టీలు డబ్బా పెట్టుకుని సిద్ధంగా కూర్చుంది. డబ్బా ఎందుకని నేను అడగలేదు. ఆమెను అలాంటివి అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. 1953 నుంచి 56 దాకా కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. ఆ మూడేళ్లలోనే పుట్టింది అత్త. "రాజధాని లేచిపోయింది, నేనే ఇక్కడ ఉండిపోయినా" అంటుంటుంది.

కొండారెడ్డి బురుజుకు కాస్త దూరంలో ఒక మైదానం. గేటు దగ్గర 300 రూపాయలకు కూపన్లు కొనాలి, మిగిలితే వాపసు లేదు. అత్త నా వైపు చూసిన చూపుకు అర్థం, అన్నీ ఖర్చయ్యేదాకా ఇంటికి పోయేది లేదని.

మొదటి స్టాల్‌లోనే ఉగ్గాని. కర్నూలు మనిషి, అనంతపురం మనిషి పక్కపక్కన నిలబడి ఉగ్గాని చూస్తే ఊరికే తినరు, తీర్పు చెప్తారు. బొరుగులు నీళ్లలో వేసి ఎంతసేపు ఉంచారు, ఎంత గట్టిగా పిండారు, కథంతా అక్కడే ఉంది. క్షణం ఆలస్యమైతే ముద్ద, సరిగ్గా నానకపోతే గొంతులో గుచ్చుకుంటాయి. వీళ్లు బాగానే పిండారు, పప్పుల పొడి కూడా చివర్లో చల్లారు. కానీ బజ్జీలు అయిపోయాయట.

"బజ్జీ లేకుండా ఉగ్గాని ఎట్లిస్తావు నాయనా?" అంది అత్త. పిల్లవాడు చట్నీ వేస్తానన్నాడు. ఆమె ప్లేటు నా చేతిలో పెట్టేసింది.

చిరుధాన్యాల వరసలో కొర్ర పాయసం రుచి చూశాం. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమన్న దగ్గర్నుంచి కొర్రలకు మర్యాద పెరిగింది, ధర కూడా. "మరిగే పాలలో బెల్లమేశారు, విరిగింది" అని అత్త ఒక్క చెంచాతో తేల్చేసింది.

రాగి సంగటి దగ్గర మాత్రం చాలాసేపు ఆగాం. ఉడుకుతున్న అన్నం మీద పిండిని గుట్టగా పోసి, కలపకుండా మూతపెట్టారు. కాసేపటికి ఒకాయన గిన్నెను రెండు పాదాల మధ్య బిగించుకుని, పొడవాటి కట్టెతో కెలకడం మొదలుపెట్టాడు. మెడ నరాలు ఉబ్బాయి. పిండి తెల్లగా ఎక్కడా మిగలకుండా అన్నంలో కలిసిపోయాక, పక్కనున్న ఆమె చెయ్యి నీళ్లలో ముంచి ముద్ద కట్టి, మధ్యలో గుంట చేసి నెయ్యి పోసింది. పక్కన నాటుకోడి పులుసు. ఇక్కడ జత కుదిరింది కాబట్టి అత్త ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనలేదంటే బాగుందని.

ఇక తీపి. డబుల్ కా మీఠా పెట్టినతను బ్రెడ్డు ముక్కలు మన కళ్ల ముందే నేతిలో వేయించి పాకంలో వేస్తున్నాడు. నాకు రెండో ప్లేటు కావాలనిపించింది. అత్త ఒప్పుకోలేదు, చివరి స్టాల్‌లో బచ్చాలున్నాయని ముందే చూసి పెట్టుకుంది. బొబ్బట్లను మేం ఓళిగలంటాం, ఆమె బచ్చాలంటుంది. ఈ గొడవ నా చిన్నప్పటి నుంచీ తేలలేదు.

అక్కడ ఒకామె, మా అమ్మ వయసుంటుంది, నూనె రాసిన కవరు మీద పూర్ణం ఉండను మునివేళ్లతో ఒత్తుతోంది. చపాతీ కర్ర అవసరమే రాలేదు. అంచు దాకా పూర్ణం పోయింది, ఎక్కడా చిరగలేదు. పెనం మీద పడగానే యాలకుల వాసన. అత్త ఒకటి తిని, ఇంకోటి చుట్టి పట్టుకుని అడిగింది:

"చారేదమ్మా?"

ఆమె తలెత్తింది.

"బేడలు ఉడికించినావు కదా. ఆ కట్టు ఏం చేసినావు? పారబోసినావా?"

పారబోస్తే అక్కడే పెద్ద గొడవయ్యేది. ఉడికిన కందిబేడల కట్టులో చింతపండు పులుసు, చారుపొడి, గుప్పెడు పూర్ణం వేసి మరిగిస్తే వచ్చే ఆ తీపి, పులుపు, కారం కోసమే మా ఇంట్లో సగం మంది పండగకొస్తారు.

"అది అమ్మేది కాదు పెద్దమ్మా. రాత్రికి మా అన్నంలోకి పెట్టుకున్నా" అంటూ ఆమె టేబుల్ కింది నుంచి మూతపెట్టిన గిన్నె ముందుకు లాగింది.

అత్త సంచిలోంచి డబ్బా తీసింది.

మిగిలిన 40 రూపాయల కూపన్లు ఇస్తే ఆమె తీసుకోలేదు. రెండు బచ్చాలు కట్టించి కూపన్లు అక్కడే పెట్టేశాం. ఆటోలో డబ్బా నా ఒళ్లో ఉంది. మూత సరిగ్గా పట్టక, గుంత వచ్చినప్పుడల్లా నా ప్యాంటు మీద వేడివేడిగా పడుతోంది. రెండు సందులు దాటాక డ్రైవరు వెనక్కి తిరిగాడు.

"ఎవరింట్లోనమ్మా బచ్చాలు?"