మలుపు తిరిగితేనే లోయ

మాంట్రియల్‌లో నాకిది నాలుగో చలికాలం. గేమ్‌లు తయారుచేసే ఒక స్టూడియోలో అన్‌రియల్ ఇంజిన్ అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్ మీద కొండలు, అడవులు, ఏటి గట్లు కట్టడం నా ఉద్యోగం. బయట మైనస్ 20 ఉన్నప్పుడు కిటికీ పక్కన కూర్చుని ఎండలో మెరిసే గడ్డి నాటుతుంటాను.

పోయిన ఏడాది ఒక లోయ నాకు అప్పగించారు. కొండ మీద నిలబడగానే అంతా కనపడాలని ఆశపడి చెట్లు దట్టంగా నాటాను. చూస్తే కళ్లు నిండేవి, ఆడితే మాత్రం కదలిక తడబడేది. సెకనుకి 60 ఫ్రేమ్‌లు, అంటే తెరమీద 60 బొమ్మలు, రావాలంటే ఒక్కో ఫ్రేమ్ 16.6 మిల్లీసెకన్లలో అయిపోవాలి. నాది 31 తీసుకుంటోంది. టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు.

గేమ్‌లో మోడళ్లన్నీ చిన్న చిన్న త్రిభుజాలతో కట్టినవే. ఆ ట్రయాంగిల్స్ ఎక్కువయ్యాయనుకుని వారం రోజులు చెట్ల మోడళ్లను పలచన చేస్తూ కూర్చున్నాను. దాదాపు ఏమీ తగ్గలేదు. మా లీడ్ వచ్చి, "అసలు కొలిచావా?" అని అడిగింది. ఇంజిన్‌లో 'స్టాట్ యూనిట్' అని టైప్ చేస్తే ఎక్కడ ఎంతసేపు పడుతోందో గేమ్, డ్రా, జీపీయూ అని అంకెలు వస్తాయి. ఏది పెద్దదైతే జబ్బు అక్కడ. నాది జీపీయూ, అంటే తెరమీద బొమ్మ గీసే చిప్. ఓవర్‌డ్రా, అంటే ఒకే చుక్కని మళ్లీ మళ్లీ గీయడం, ఎక్కడుందో చూపించే వ్యూ పెడితే అడవంతా ఎర్రబడిపోయింది.

గేమ్‌లో ఆకులంటే పలకల మీద అతికించిన ఆకు బొమ్మలు. బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీ మనకి కనపడదు, జీపీయూ మాత్రం దాన్నీ చూసి తీరాలి. ఒకదాని వెనక ఒకటి పది పలకలుంటే తెరమీద ఒకే చుక్కకి పదిసార్లు పని. పలక అంచుల్ని ఆకు ఆకారానికి దగ్గరగా కత్తిరిస్తే ఆ ఖాళీ పోతుంది. ట్రయాంగిల్స్ పెరుగుతాయి, అయినా వేగం పెరుగుతుంది! వారమంతా నేను చేసింది సరిగ్గా దీనికి ఎదురు. గడ్డికి నీడలు తీసేశాను. దూరపు చెట్లు గాలికి ఊగడం ఆపాను. మరీ దూరంలో చెట్టుకి బదులు చెట్టు బొమ్మే పెట్టాను. 21కి దిగింది.

మిగతాది సెట్టింగులతో పోయేది కాదు. ఇంటి లోపలైతే గోడలు అడ్డం ఉంటాయి, గోడ వెనకున్నది ఇంజిన్ గీయదు. ఆరుబయట ఆ సుఖం లేదు. చెట్లు అడ్డమే కదా అనుకుంటాం గాని, ఆకుల సందుల్లోంచి వెనకది కనపడుతుంది కాబట్టి ఇంజిన్ దాన్ని వదిలెయ్యలేదు. కొండ అయితే వదిలేస్తుంది.

నాన్న పాడేరు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు నడిపేవారు. సెలవుల్లో ఆయన వెనక సీట్లో కూర్చుని చూసేవాణ్ణి. లోయ కాస్త కనపడేది, మలుపులో కొండ మూసేసేది, మళ్లీ కాస్త కనపడేది. మొత్తం ఒకేసారి ఎప్పుడూ చూడలేదు, అందుకేనేమో ఇప్పటికీ తనివి తీరలేదు. నా దారిని అలాగే తిప్పాను. మధ్యలో రెండు కొండవాలులు పైకి లేపాను. లోయ మొత్తంగా కనపడేది చివరి మలుపులో ఒక్కచోటే. ఫ్రేమ్ 15.8కి వచ్చింది. ఈ పని మొదటి రోజే, దారి గీసేటప్పుడే చెయ్యాల్సిందని నాకు గట్టిగా అనిపించింది.

ఆ రాత్రి తొమ్మిదింటికి ఇంటికి ఫోన్ చేశాను. అక్కడ మర్నాడు ఉదయం ఏడున్నర. గేమ్ బయటివాళ్లకి చూపించకూడదు గనక, ఘాట్ రోడ్డు ఎలా పనికొచ్చిందో చెప్పడానికి కాగితం మీద నాలుగు మలుపులు గీసి వీడియో కాల్‌లో పెట్టాను. నాన్న కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

"ఏట్రా ఇది, మలుపుకి పిట్టగోడ లేదేటి? బండి జారిపోద్ది."

మర్నాడు వెళ్లి చివరి మలుపులో పిట్టగోడ కట్టాను. ఒకే రాయిని నలభైసార్లు వాడాను. జీపీయూ అంకె కదల్లేదు.