ఐదో జుబ్బా: ముందుభాగం చక్కబడింది, వెనుక మెడ దగ్గర ఇంకా మూడు ముడతలు

చెల్లెలికి పుట్టబోయే బిడ్డ కోసం కుడుతున్న జుబ్బాల్లో ఐదోదాన్ని నిన్న సాయంత్రం ఉతికి ఆరవేసి, ఇస్త్రీ చేయకుండానే బల్లమీద పరిచి చూశాను. ముందుభాగంలో ఒకదానిమీద ఒకటి వచ్చే రెండు ఏటవాలు అంచులూ గీత గీసినట్టు చదునుగా పడుకున్నాయి. నాలుగు జుబ్బాలు వరుసగా చెడిపోయిన తర్వాత ఆ అంచులను చూసి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. వెనుక మెడ వంపు దగ్గర మాత్రం మూడు చిన్న ముడతలు మిగిలాయి. అవి కూడా పోయేదాకా దీన్ని పూర్తయిన పనిగా లెక్కవేయను.

చెల్లెలు పురిటికి విశాఖ వచ్చి మూడు వారాలవుతోంది, ఇప్పుడు ఎనిమిదో నెల. బారసాల దాకా బిడ్డకు కొత్తబట్ట తగలకూడదని అమ్మ పట్టుదల. అందుకే జుబ్బాల ఒంటిగుడ్డగా అమ్మ ఏళ్ల తరబడి కట్టి మెత్తబరిచిన నూలు చీరను వాడుతున్నాను. జరీ లేని సాదా అంచు చీర కాబట్టి ఒంటికి గుచ్చుకునే భయం లేదు. మెడపట్టీకి, అంటే మెడ, ముందు అంచుల మీదుగా మడిచి కుట్టే సన్నపట్టీకి మాత్రం, పూర్ణా మార్కెట్‌లో కొన్న కేంబ్రిక్ అనే తెల్లటి సన్న నూలు గుడ్డ తీసుకున్నాను. బారసాల తర్వాత తొడిగే జుబ్బాలకు పట్టీ కొత్తదైనా ఫరవాలేదని అమ్మ ఒప్పుకుంది.

జుబ్బా కోయడానికి వాడిన కాగితం నమూనా ఉచితంగా దొరికింది, ముందుభాగాలు ఒకదానిమీద ఒకటి వచ్చే కిమోనో తరహాది, మూడు నెలల లోపు పిల్లలకు సరిపోయేది. అది అమెరికాలో వాడే లెటర్ సైజు కాగితానికి గీసింది. మన ఏ4 కాగితం వెడల్పు దానికంటే తక్కువ, అంటే 216 మిల్లీమీటర్లకు బదులు 210. అందువల్ల ప్రింటర్‌లో ‘పేజీకి సరిపెట్టు’ అన్నది ఎంచుకుంటే, కొలత సరిచూసుకోవడానికి నమూనాలో గీసి ఉండే అంగుళం గడి 0.97 అంగుళంగా వస్తుంది, 19 అంగుళాల ఛాతీ అర అంగుళం తగ్గిపోతుంది. నూరు శాతం కొలతలో ప్రింటు తీసి, అంగుళం గడిని స్కేలుతో సరిచూసుకున్నాకే కత్తెర పట్టాను. నమూనాలో మెడ వెనుక ముడివేసే తాడు ఉంటే దాన్ని తీసేసి, పక్కన చంక కిందకు మార్చాను. ఏడేళ్ల లోపు పిల్లల దుస్తుల్లో మెడ దగ్గర లాగి కట్టే తాళ్లు ఉండకూడదని ఐరోపా ప్రమాణం ఈఎన్ 14682 చెబుతుంది. నమూనా ఎంత అందంగా ఉన్నా ఆ ఒక్క విషయంలో నేను రాజీపడను.

ఇక మెడపట్టీ సంగతి. మొదటి జుబ్బాకు దుకాణంలో దొరికే తయారీ పట్టీ వేశాను. అందులో పాలియెస్టర్ కలిసి బిరుసుగా ఉండటంతో చీరగుడ్డ పక్కన కర్రముక్కలా నిలబడింది. చంటిపిల్లల బట్టలకు అలాంటి పట్టీ ఇక ఎన్నటికీ కొనను. రెండోదానికి కేంబ్రిక్‌ను క్రాస్‌లో, అంటే నేత పోగులకు ఏటవాలుగా, 1¼ అంగుళాల వెడల్పున కోసి పట్టీ కట్టాను. మిషన్ మీద నుంచి తీసినప్పుడు చాలా చదునుగా ఉండటంతో ఫొటో కూడా తీసుకున్నాను. మర్నాడు ఉతికి ఆరవేయగానే మెడ చుట్టూ సంచీమూతిని లాగి ముడివేసినట్టు కుంచించుకుపోయింది. నూలు దారానికి బదులు పాలియెస్టర్ దారం, 14వ నంబరు సూదికి బదులు 11, కుట్టు పొడవు 2 మిల్లీమీటర్లకు బదులు 2.5 అని మూడు తునకల మీద మార్చి చూసినా ఫలితం అదే. అప్పుడు అమ్మ వచ్చి, “కొత్తగుడ్డను రాత్రంతా నానబెట్టకుండా కత్తెర పెడతారా అమ్మా?” అంది. వెంటనే కేంబ్రిక్‌లో 10 అంగుళాల చదరం కోసి, వేడినీళ్లలో నానబెట్టి ఆరవేసి కొలిచాను. పడుగు (నిలువు పోగు) వైపు 9⅝ అంగుళాలు, పేక (అడ్డపోగు) వైపు 9¾ అంగుళాలు వచ్చింది. చీరగుడ్డ ఎన్నో ఉతుకులు చూసినది కాబట్టి అది ఇక కుంచించుకోదు. కుంచించుకునే పట్టీని కుంచించుకోని గుడ్డకు కుట్టి, ముడతలు ఎందుకు పడుతున్నాయా అని వారం రోజులు మిషన్ బిగింపులు తిప్పుతూ గడిపాను.

మూడో జుబ్బాకు పట్టీగుడ్డను రెండుసార్లు ఉతికి వాడాను. కుంచింపు పోయింది కానీ ముందు అంచులు అలల్లా పైకి లేచాయి. కాగితం నమూనాలో ఒక ముందు కొస నుంచి మెడ మీదుగా రెండో కొస దాకా అంచు పొడవు 21½ అంగుళాలు. కోసిన గుడ్డను ఎత్తి, పిన్నులు పెట్టి మళ్లీ కొలిస్తే 22⅛ అంగుళాలు వచ్చింది. ముందు అంచు ఏటవాలుగా ఉండటం వల్ల అక్కడి గుడ్డ క్రాస్‌లో తెగుతుంది. పాత చీర నేత వదులు కాబట్టి చేతితో పట్టుకుంటేనే సాగిపోతుంది. నాలుగోదానికి గుడ్డకు పలచటి గంజి పెట్టి ఇస్త్రీ చేసి, కోసిన వెంటనే అంచుకు ⅛ అంగుళం లోపలగా ఒక వరస కుట్టు వేశాను. కొలత 21⅞ దగ్గర ఆగింది, కుట్టడమూ సులువైంది. ఉతికాక గంజి పోయింది, అల మళ్లీ లేచింది, ఇదివరకటిలో సగం ఉంటుంది. వానాకాలపు తేమ వల్ల గుడ్డ సాగుతోందేమోనని ఒక తునకను ఏసీ గదిలో, మరొకటిని సముద్రగాలి తగిలే వరండాలో కుట్టి చూశాను. రెండింటికీ తేడా కనిపించలేదు కాబట్టి ఆ అనుమానం వదిలేశాను.

ఐదోదానికి చేసిన మార్పు చీరలోనే దొరికింది. చీర అంచు చివర, నేతలోనే గట్టిగా బిగిసి ఉండే పావంగుళం భాగాన్ని పొడవునా కత్తిరించి, రెండు ముందు అంచులకు లోపలివైపు పెట్టి టాకాలు వేశాను. అది నిలువు పోగు కాబట్టి సాగదు, పాతది కాబట్టి కుంచించుకోదు, మెత్తనిది కాబట్టి ఒంటికి ఒరుసుకోదు. ఉతికాక మొత్తం అంచు 21⅝ అంగుళాలు వచ్చింది. ఇలాంటి పలచటి గుడ్డకు మోటారు మిషన్ కంటే మా పాత ఉష కాలిమిషనే నాకు నచ్చుతుంది, ఎందుకంటే వంపు దగ్గర ఒక్కొక్క కుట్టుకు ఆగి గుడ్డను సర్దుకోవచ్చు.

మిగిలిన సమస్య వెనుక మెడ వంపు. అక్కడ అంచు పొడవు 4¼ అంగుళాలు. లోపలికి వంగిన అంచు కాబట్టి చీరపట్టీ అక్కడ వాడలేను, వాడితే వంపు నిలువదు. పట్టీని కుట్టే గీత అంచుకు పావంగుళం లోపలగా, అంటే గుడ్డ వైపు ఉంటుంది. ఆ గీత అంచుకంటే పొడవైనది, పూర్తి అర్ధవృత్తమైతే తేడా ముప్పావు అంగుళం దాటుతుంది. మా నమూనాలో వంపు అంత లోతైనది కాదు, తేడా అర అంగుళం ఉండవచ్చని అంచనా. పట్టీ మడత మెడకు అంటుకుని ఉండాలంటే పట్టీని ఆ మేరకు లాగి కుట్టాలి. నేను ¼ అంగుళం లాగాను. మూడు ముడతలూ వంపు నడుమ కాకుండా భుజం కుట్టుల పక్కనే పడ్డాయి కాబట్టి, లాగుడు వంపంతటా సమానంగా పడక రెండు చివరల్లో పోగైందని నా అనుమానం. ఆరో జుబ్బాలో వంపును నాలుగు భాగాలుగా గుర్తుపెట్టి, పట్టీ మీదా అదే నిష్పత్తిలో గుర్తులు పెట్టి, చేతి టాకాలు వేసిన తర్వాతే మిషన్ మీదకు తీసుకువెళతాను. భుజం కుట్టుల దగ్గర నాలుగు పొరలు కలిసి మందంగా ఉన్నాయి. ఆ కుట్టుల అంచులను పట్టీ కిందికి వచ్చేచోట సగానికి కత్తిరించి చూడాలి.

జుబ్బాలు కాక బిడ్డకు చేస్తున్న మిగతావాటిలో, పాత చీరలు నాలుగు పొరలుగా వేసిన బొంత పూర్తయింది. 3.5 మిల్లీమీటర్ల హుక్‌తో క్రోషే బూటీలు రెండు జతలు బాగా వచ్చాయి. ఒక బిబ్ మీద యాంకర్ కంపెనీ ఎంబ్రాయిడరీ దారం రెండు పోగులతో కాడకుట్టు వేశాను. ఆ దారం రంగు ఎన్ని ఉతుకులకైనా నిలిచింది కాబట్టి పిల్లల బట్టలకు నేను వేరేది వాడను. ఎంబ్రాయిడరీ వెనుకవైపు ముడులు గీసుకోకుండా చీరతునక ఒకటి అతికించి కుట్టాను.

చెల్లెలి అత్తవారిది మన్యం కొండల్లోని పాడేరు. బిడ్డను అక్కడికి తీసుకువెళ్లేనాటికి చలి పూర్తిగా తగ్గి ఉండదు కాబట్టి, జుబ్బా మీద తొడిగే చేతుల్లేని స్వెటర్ ఒకటి అల్లాలి. ఉన్ని నేరుగా మెడకు తగలకుండా దానికీ నూలు పట్టీయే వేయాలని ఉంది, అల్లికకు నేతగుడ్డ పట్టీ వేసినప్పుడు సాగుడు ఎలా ఉంటుందో ఒక తునక మీద ముందే చూడాలి. బారసాల నాటికి ఒక జుబ్బా పొందూరు ఖద్దరుతో కుట్టాలన్నది మరో ఆలోచన, ఆ గుడ్డ తెచ్చిన రోజే నానబెడతాను. ఈ రాత్రికి కేంబ్రిక్ మిగిలిన మీటరు ముక్కను బకెట్లో వేశాను. రేపు ఎండ వస్తే సాయంత్రానికి ఆరో జుబ్బా మెడపట్టీ కోయవచ్చు.